బీచుపల్లి రేవులో నేనాడిన అబద్ధం

పన్నెండేళ్ల కింద గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఎడ్లబండి మీద వెళ్లి వచ్చి, ఆ ప్రయాణం గురించి ఒక మాసపత్రికలో రాశాను. పెబ్బేరు సంత ఎంత పెద్దదో, వనపర్తి వైపు పచ్చిపులుసు ఎంత ఘాటుగా చేస్తారో అందులో ఉంది. చదివినవాళ్లు బాగుందన్నారు. చీరల మూటలతో నేనొక్కడినే వెళ్లినట్టు అందులో రాశాను. అది నిజం కాదు. బండిలో నా పక్కన ఈరన్న ఉన్నాడు. చీరలు అమ్మడం పైకి చెప్పుకున్న పని. అసలు పని అతని జబ్బు చూపించడం. ఆ జబ్బు అతనికి నా వల్ల వచ్చింది. ఇవన్నీ తీసేశాక ఆ వ్యాసంలో మిగిలింది రొట్టెలూ ఎడ్లూ మాత్రమే. అందుకని అదే దారిని మళ్లీ రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఈరన్న అనే పేరు అతను కోరుకున్నదే.

గద్వాల

మా చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలివేస్తూ పోవాలి గనుక ఒక మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. ఎడమ వైపు నేను, కుడి వైపు ఈరన్న. అట్లా ఏడేళ్లు కూర్చున్నాం. నా మొదటి భార్య కాలం చేసింది. అతనికి పెళ్లి కాలేదు. మాది గట్టి స్నేహమని వీధంతా అనుకునేది. ఆలుమగల మధ్య ఉండేదే మా మధ్య ఉండేది. దానికి మా వీధిలో మర్యాదైన పేరు లేదు. మేమూ ఏ పేరూ పెట్టలేదు.

ఆ ప్రయాణం చేసిన ఏడాదే నూలు కోసం షోలాపూరు వెళ్లాను. అక్కడ సత్రంలో పరిచయమైన ఒక మనిషితో నాలుగు రోజులు ఉన్నాను. తిరిగొచ్చిన మూడు వారాలకు నాకు పుండు లేచింది. నొప్పి లేదు, అందువల్ల దాచడం సులువైంది. ఊరూరా తిరిగే ఒక హకీం దగ్గర పొట్లాలు కొని మింగాను. పుండు మానింది. తరవాత ఒంటి మీద మచ్చలు వచ్చి, అవీ పోయాయి. అదేమిటో నాకు తెలుసు. మానింది కదా అని ఈరన్నకు చెప్పలేదు.

కొన్నాళ్లకు అతని అరచేతుల్లో మచ్చలు కనిపించాయి. రాగి రంగువి, దురద లేనివి. వెంట్రుకలు అక్కడక్కడ కుచ్చులుగా ఊడసాగాయి. జ్వరం వస్తూ పోతూ ఉండేది. మా పనిలో అరచేతులు దాచడం కుదరదు. పట్టు పోగు పట్టుకున్నప్పుడల్లా అవి పైకే ఉంటాయి. ఎవరు మగ్గం దగ్గరికి వచ్చినా నేను లేచి అడ్డంగా నిలబడేవాణ్ని. గద్వాలలో చూపించుకుందామంటే దవాఖానలో మందు కలిపేవాడిది మా వీధే. పైగా నా రెండో పెళ్లి కుదిరి ఉంది, ముహూర్తం నెలన్నరలో. నాగర్‌కర్నూలులో ఒక డాక్టరు ఇట్లాంటివి సూదితో మాన్పుతాడని విన్నాం. బయలుదేరాం.

బండి ఖాసీంది. అతనిది ఖిల్లా ఘణపూర్. నోరు ఊరుకునే మనిషి కాదు.

"ఏంది ఈరన్నా, చేతులకు గుడ్డలు సుట్టినవ్? మైదాకు పెట్టుకున్నవా?"

"పెండ్లి నాది గాదు ఖాసీం బాయ్, ఈయనది. మైదాకు నేను పెట్టుకున్న" అని ఈరన్న నవ్వాడు.

"రంగు కాగుల చెయ్యి పెట్టిండు. కాలింది" అన్నాను నేను తొందరగా.

"సాలోడై పుట్టి రంగుల చెయ్యి కాల్చుకున్నడా? జర మెల్లగ చెప్పు, మా ఎడ్లు ఇంటె నవ్వుతయ్."

ఈరన్న అతనితో కలిసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బీచుపల్లి రేవు

బండినీ ఎడ్లనీ పెద్ద పడవలో ముందు దాటించారు. మమ్మల్ని పుట్టిలో ఎక్కించారు. పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట. ఎక్కినవాళ్లందరూ మోకాళ్లు తగిలేట్టు ఎదురెదురుగా కూర్చోవాలి. మొత్తం ఎనిమిది మందిమి. వానలు వెనకబట్టినా కృష్ణ ఇంకా ఎర్రగానే ఉంది. నడి ఏట్లోకి వచ్చాక పుట్టి గిరగిరా తిరిగింది. పడిపోతామని ఈరన్న అంచు పట్టుకున్నాడు. నీళ్లు తగిలి చేతి గుడ్డ జారిపోయింది.

ఎదురుగా చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె కూర్చుని ఉంది. ఆమె చూసింది.

"అయ్యో, ఈయనకు అమ్మవారు వోసింది! నా బిడ్డకు తగుల్తది, దించున్రి!"

"నడి ఏట్ల యాడ దించాలె తల్లీ?" అన్నాడు పుట్టి నడిపేవాడు.

"దించుడేంది, ఈదుకుంట రమ్మను" అని ఒక మనిషి లేచాడు. అతనితో ఇంకొకడు లేచాడు. పుట్టి ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. ఈరన్నకు ఈత రాదు. ఆ మనిషి అతని భుజం పట్టుకున్నాడు. అంత భయం నేను అంతకు ముందు ఎరగను. అతన్ని తోసేస్తారన్న భయం సగమే. ఇతనెవరు, ఈ మచ్చలేమిటి, నువ్వు ఇతనికి ఏమవుతావు అని నన్ను అడుగుతారన్నది మిగతా సగం.

"అమ్మవారు గాదు!" అని అరిచాను. "ఎల్లమ్మ తల్లి పిలుపు. మా ఊరి పెద్దలు సూసి చెప్పిన్రు. ముట్టుకోకున్రి."

మా దిక్కు సంగతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. గద్వాల నుంచి రాయచూరు దాకా ఎల్లమ్మ కొలుపు ఎక్కువ. మగవాడికి జడలు కట్టినా, ఒంటి మీద తెలియని మచ్చలు వచ్చినా, ఆ తల్లి తన సేవకు పిలిచిందంటారు. పిలుపు వచ్చినవాడు చేసే పని మానుకొని, చీర కట్టి, అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరగాలి. వాళ్లను జోగప్పలంటారు. ఆడవాళ్లు వాళ్ల కాళ్లకు మొక్కుతారు.

భుజం మీది చేయి వెంటనే తొలగిపోయింది. లేచినవాళ్లు కూర్చున్నారు. బిడ్డతల్లి కొంగుముడి విప్పి బెల్లంముక్క తీసి ఈరన్న ఒళ్లో పెట్టింది. "తప్పాయె తండ్రీ, తెల్వక అన్న" అని దండం పెట్టింది. నా మాట ఇంత బాగా పనిచేస్తుందని నేననుకోలేదు.

ఒడ్డు దిగాక ఈరన్న అడిగాడు. "గట్లెందుకన్నవ్?"

"లేకుంటె ఏట్ల తోస్తుండిరి."

"మరి గిదేందో నీకెరికేనా?"

"నాకు తెల్వదు."

"తెల్వదా?"

"తెల్వదు రా."

అతను బెల్లం సగం విరిచి నాకిచ్చాడు. తిన్నాను.

పెబ్బేరు

సంత గురించి ఆ పాత వ్యాసంలో రాసిందంతా నిజమే. కనుచూపు మేర ఎడ్లు. మంచి జత అరవై నిజాం హాలీ రూపాయలు పలికింది. రెండు జొన్నరొట్టెలు, పుంటికూర కలిపి ఒక అణా. మా గద్వాలలో రొట్టె మీద ఉల్లిగడ్డ పెట్టిస్తారు, ఇక్కడ వేరుశనగ పొడి చల్లారు. అన్నిటికన్నా వింత బేరం చేసే తీరు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. చేతులు దాచుకుంటూ వచ్చిన మేము, సంతంతా చేతులు దాచుకోవడం చూసి కాసేపు నిలబడ్డాం.

మాకన్నా ముందే పుట్టిలోని కబురు సంతకు చేరింది. రొట్టెలు తింటుండగా ఒక జోగప్ప వచ్చి ఎదురుగా కూర్చుంది. పేరు తాయక్క. యాభై ఏళ్లు ఉంటాయి. ఆకుపచ్చ చీర, మొఖమంతా పసుపు, బుట్టలో ఇత్తడి ఎల్లమ్మ. మగగొంతు, మాట మెత్తన.

"ఎవరు, అమ్మ పిలిచిందంట?"

ఈరన్న తల వంచుకున్నాడు. ఆమె గుడ్డలు విప్పి అరచేతులు చూసింది. నోరు తెరిపించి చూసింది. తల వెనక ఊడిన జాగాలు తడిమింది. మొక్కడానికి వచ్చిన ఇద్దరాడవాళ్లను "జరసేపు ఆగున్రి" అని పంపించేసి గొంతు తగ్గించింది.

"అమ్మ పిలుపు ఒకటి, గర్మి ఒకటి. నాకు రెండూ ఎరికే బిడ్డా. గిది గర్మి."

పట్నంలో సవాయి అనే సుఖరోగాన్నే మా దిక్కు గర్మి అంటారు. ఆ మాట వినగానే నేను చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు.

"మందున్నదా అక్కా?" అన్నాడు ఈరన్న.

"దవాఖానల సూదులున్నయంట. మాకైతె దొరకలే. నా ఎంట రత్ని అని ఉండె. దానికి గిదే అయితె ఓ ఊరికి దీస్కపోయిన. ఆడోళ్ల వరుసల నిలవడితె మగోనివన్నరు. మగోళ్ల వరుసల నిలవడితె సీర సూసి నవ్విన్రు. మూడు దినాలు మెట్ల కాడ కూసొని మర్లి వచ్చినం. ముందుగాల దాని ముక్కు కూలింది, ఎన్క పాణం పోయింది." ఆమె గుడ్డలు మళ్లీ తనే చుట్టింది. "నువ్వు ధోతి కట్టినవ్, మీసమున్నది. నిన్ను లోపటికి రానిస్తరు. పో. ఏపిచ్చుకుంటె మాత్రం నడుమల ఆపకు."

తరవాత నా వైపు తిరిగింది.

"నీ చేతులు సూపు."

చూపాను.

"మంచిగున్నయ్" అని ఆగి, "ఇప్పటికైతె" అంది. "నువ్వు గూడ ఏపిచ్చుకో అయ్యా. ఇద్దర్ల ఒక్కరే ఏపిచ్చుకుంటె ఎవరిదీ పోదు."

ఈరన్న ఏమీ వినబడనట్టు ఎడ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

వనపర్తి

ఒక పెళ్లివారింట్లో చీర అమ్మాం. ఆ ఇంటికీ కబురు వచ్చి ఉంది. ఖాసీం దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. తనది ఎల్లమ్మ మనిషిని ఎక్కించుకున్న బండని గొప్ప. నాకు మామూలుగా వసారాలో వడ్డించారు. ఈరన్నకు మాత్రం పీట వేసి రెండాకులు పరిచారు, ఒకటి అతనికి, ఒకటి అమ్మకు. పచ్చిపులుసు, కందిపప్పు, నువ్వుల పొడి. అతను చేతుల గుడ్డలు విప్పకుండానే తిన్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

పెళ్లికూతురి తల్లి చీర తెచ్చి అతని ముందు పెట్టింది. "మీ చెయ్యి తాకియ్యున్రి స్వామీ, మా బిడ్డకు మంచిగైతది."

"నా చెయ్యి వద్దమ్మా" అన్నాడు ఈరన్న.

ఆమె మొఖం వాడిపోయింది. చీర వద్దంటారేమోననిపించింది నాకు. "పెట్టు రా, అడుగుతున్నరు గద" అన్నాను.

అతను నన్ను చూసి, చేయి పెట్టకుండా, చీర మీదికి నుదురు వంచాడు.

బండెక్కాక, ఖాసీం ఎడ్లకు నీళ్లు తాపుతుండగా అన్నాడు, "నన్ను మొక్కుతున్రు రా. భయమైతుంది."

"మొక్కితె భయమెందుకు?"

"అమ్మ ఒంటి మీదున్నోడు సూది ఏపిచ్చుకున్నడని ఎరికైతె, మొక్కినోళ్లే కొడతరు. నువ్వు ఆడిన మాట నా నెత్తిన కూసున్నది. ఎట్ల దించాలె?"

గోపాల్‌పేట దాటేదాకా ఖాసీం ఒక్కడే మాట్లాడాడు.

నాగర్‌కర్నూలు

డాక్టరు ముసలాయన, ఉర్దూ కలిసిన తెలుగు. ఈరన్నను లోపలికి పిలిచాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు పూర్తిగా మూసుకోలేదు. ప్రతి మాటా వినబడింది.

"శాదీ అయ్యిందా?"

"లేదు సాబ్."

"ఎవరి నుంచి వచ్చింది?"

"సంతల... ఒక ఆడమనిషి."

"పేరు?"

"తెల్వదు సాబ్."

డాక్టరు కలం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "సూడు, నేను పోలీసోన్ని గాదు. నాకు ఎవరితోని ఏం పని లేదు. ఆడ, మగ, ఎవరన్న గానీ, నీతోని ఉన్న మనిషిని తీస్కరా. ఇద్దరికి కలిపి దవా చెయ్యాలె."

"ఎవరు లేరు సాబ్" అన్నాడు ఈరన్న.

ఆ ముసలాయన నిజం చెప్పే దారి అంత స్పష్టంగా చూపించాడు. నేను లేచి లోపలికి పోయి ఒక్క మాట అనడానికి అయిదడుగుల దూరం. నేను లేవలేదు. పెళ్లి ఆగిపోతుంది, మగ్గం పోతుంది, వీధిలో తలెత్తుకోలేను అని ఒకదాని వెనక ఒకటి తోస్తున్నాయి. అంతలో డాక్టరే బయటికి వచ్చి నన్ను చూశాడు.

"నువ్వెవరు ఆయనకు?"

ఈరన్న తలుపు సందులోంచి చూస్తున్నాడు.

"బండి తోడు సాబ్. తొవ్వల కలిసినం."

"నీ తబియత్ మంచిదేనా?"

"మంచిదే సాబ్."

ఆయన నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా బలవంతం చేయలేదు. సూది వారం వారం వేయించుకోవాలని, ఏడాది దాటినా తాను చెప్పేదాకా ఆపకూడదని ఈరన్నకు రెండుసార్లు చెప్పాడు. ఆపితే కళ్లకో మెదడుకో ఎక్కుతుందని చెప్పాడు.

మూడు సూదుల దాకా అక్కడ అతనితో ఉన్నాను. మచ్చలు తేలిపోయాయి. అతను అన్నం సరిగా తినసాగాడు. కూర్చున్నప్పుడు సూది పడ్డ చేయి నిమురుకుంటూ, తగ్గాక నేయాల్సిన అంచు గురించి చెప్పేవాడు. నా ముహూర్తం దగ్గర పడింది. "పెండ్లి కాంగనే వస్త" అని చెప్పి, మళ్లీ అటు వచ్చిన ఖాసీం బండిలో వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

తిరిగి గద్వాల

"ఈరన్న యాడ?" అని వీధిలో అందరూ అడిగారు. దవాఖానలో అంటే ఏం రోగమని అడుగుతారు. "ఎల్లమ్మ పిలిచింది" అన్నాను. నదిలో ప్రాణభయంతో ఆడిన మాటను ఈసారి ఇంటి అరుగు మీద కూర్చొని, తాంబూలం నములుతూ అన్నాను.

నెల తిరిగేసరికి ఈరన్న వచ్చాడు. చేతిలో డబ్బు అయిపోయింది. మగ్గం మీద కూర్చుంటూ, మిగతా సూదులు కర్నూలులో వేయించుకుందామని అతని ఆలోచన. మా వీధి పెద్దలు కూర్చోనివ్వలేదు.

"అమ్మ ఒంటి మీదుండంగ సూదులా? వీధికి అరిష్టం. అమ్మ పిలిచినోడు మగ్గం మీద కూసుండొద్దు, బుట్ట ఎత్తాలె."

"నన్ను ఏ అమ్మ పిల్వలే పెద్దయ్యా. నాది జబ్బు."

"గట్లనకు. నీ దోస్తే చెప్పిండు గద."

అందరూ నా వైపు చూశారు. చేతికి పెళ్లి కంకణం ఇంకా ఉంది నాకు. ఈరన్న కూడా చూశాడు. అతను నోరు తెరిచి ఉంటే నా బతుకు అక్కడే ముగిసేది. తెరవలేదు. నేనూ తెరవలేదు. అతని జాగాలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. తనను చేర్చుకొనే చోటు ఒక్కటే ఉందని అతనికి తెలుసు. పెబ్బేరుకు, తాయక్క దగ్గరికి పోయాడు. సూదులు ఆగిపోయాయి.

నా ఇంట్లో రెండు కాన్పులూ పోయాయి. బిడ్డలు పొట్టలోనే చచ్చిపోయారు. అప్పుడు కర్నూలు పోయి అక్కడి డాక్టరుకు మొత్తం చెప్పాను. చెప్పడానికి పట్టిన సమయం ఒక బీడీ కాలేంత. ఆయన రాసుకున్నాడు, సూది వేశాడు. అంతే. దాని కోసమా నేనంత భయపడింది అనిపించింది. మా ఇంటామెకూ సూదులు వేయించాను. ఎందుకో ఆమెకు చెప్పాను. ఆమె అన్న మాటలు ఆమెవి, ఇక్కడ రాయను.

మళ్లీ పెబ్బేరు

ఈ ఏడు సంత రోజున పెబ్బేరు వెళ్లాను. ఈసారి నిజంగా ఒక్కడినే.

ఒక పందిరి కింద ఏడెనిమిది మంది జోగప్పలు కూర్చుని ఉన్నారు. తాయక్క బాగా ముసలిదైంది. ఆమె పక్కన నీలం చీరలో ఈరన్న. ఇక్కడ అందరూ ఈరమ్మ అంటారు. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను ఎదురుగా వచ్చి నిలబడినా కదల్లేదు. చూపు పోయి నాలుగేళ్లయిందని తాయక్క చెప్పింది. ఇప్పుడు వచ్చిన కొత్త మందు జబ్బును ఆపుతుంది గానీ పోయిన చూపును తేదట.

"ఎవరు?" అన్నాడు. పేరు చెప్పాను.

కొంగు నా వైపు చాచి, "నా సీర అంచు సూసి చెప్పు, ఎవరు నేసిన్రో. వీళ్లకు తెల్వదంటున్రు" అన్నాడు.

"మనది గాదు. మెలి సరిగ లేదు."

"నేననుకుంటనే ఉన్న" అని నవ్వాడు. "పరేషాన్ గాకు. సీర నాకు బరువు గాదు. నేసినోన్నే గద, కట్టుకుంటె ఏమాయె. వీళ్ల నడుమ మంచిగనే ఉన్న. అది నీ పాపంల కలుపుకోకు."

చెప్పడానికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. చేయెత్తి ఆపాడు.

"నాకెరికే. పెబ్బేర్ల గాదు, దవాఖానల గాదు, రేవు కాడనే ఎరికైంది. తెల్వదు రా అన్నప్పుడు నీ మొఖం సూసిన."

"మరి ఒక్కసారన్న ఎందుకనలే?"

"నీ పెండ్లి ఉండె."

నేను అక్కడే చతికిలబడ్డాను. అతను నన్ను ఓదార్చలేదు. తాయక్క పందిరి చివర కూర్చున్న ఇద్దరిని చూపించింది. కొత్తగా వచ్చినవాళ్లు. ఇద్దరి అరచేతుల్లోనూ నాకు తెలిసిన ఆ రాగి రంగు.

"దగ్గర్ల ఒక డాక్టరొచ్చిండు. సీర సూసి నవ్వడు, లోపటికి రానిస్తడు. పోండ్రే అంటె వీళ్లు పోరు. ఈరమ్మను గూడ అమ్మ గిట్లనే పిలిచింది, ఈరమ్మ సూదులు ఏపిచ్చుకున్నదా అంటరు. పుట్టిల ముచ్చట ఇయ్యాల్టికి గూడ సంతల చెప్పుకుంటరు. నేను కాదంటె ఇంటలేరు. ఆ మాట పుట్టిచ్చింది నువ్వు. నువ్వే చెప్పు."

చుట్టూ చూశాను. మొక్కడానికి వచ్చిన ఆడవాళ్లు, ఎడ్ల బేరగాళ్లు, గద్వాల వైపు మొఖాలు రెండు మూడు. పన్నెండేళ్లలో ఆ భయం పిసరంత కూడా అరగలేదు.

"నీకు రొట్టె పెట్టేది ఆ ముచ్చటే గద ఈరన్నా. చెప్తె నిన్ను ఎవరు మొక్కుతరు?"

"మొక్కకుంటె మానె. వాళ్ల కండ్లన్న మిగుల్తయ్. నా చెవుల చెప్పుడు గాదు, లేచి చెప్పు."

లేచి నిలబడ్డాను.

"ఈరన్నను ఏ అమ్మ పిల్వలే. ఆయనకొచ్చింది గర్మి. నేను షోలాపూర్ల తెచ్చుకున్న, నా నుంచి ఆయనకొచ్చింది. ఎరికుండి పుట్టిల అబద్ధమాడిన. డాక్టరు అడిగితె ఆయన నాకెవరు గాదన్న. నా మాటకే ఆయన సూదులు ఆగినయ్, కండ్లు పోయినయ్. ఈరన్నా, తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."

ఈరన్న నా గొంతు వచ్చిన వైపు మొఖం తిప్పాడు.

"ఎన్క కూసున్నోళ్లకు ఇనవడలే. మళ్ల చెప్పు."

మొదటి నుంచి, ఇంకా గట్టిగా, మళ్లీ చెప్పాను.